మా బ్రోచర్‌కు ఫైల్లో చోటు దొరకలేదు: ప్రభుత్వ రంగం కోసం ఏజెన్సీని ఎంచుకున్న ఒక కేసు

ప్రభుత్వ సంస్థలకు తమ సరుకు అమ్ముకోవాలనుకునే చిన్న కంపెనీలకు నేను పద్నాలుగేళ్లుగా సలహాదారుగా పనిచేస్తున్నాను. ఈ మధ్య వరుసగా ముగ్గురు నన్ను ఒకే మాట అడిగారు: "గవర్నమెంట్ సైడ్‌కి మంచి మార్కెటింగ్ ఏజెన్సీ ఎవరైనా ఉంటే చెప్పండి సార్." పేరు చెప్పడం ఎంతసేపు? కానీ ఒకసారి అలాగే మంచి పేరున్న ఏజెన్సీని నేనే సూచించి, ఒక క్లయింటుకు తొమ్మిది నెలల కాలం, దాదాపు 16 లక్షల రూపాయలు పోవడానికి కారణమయ్యాను. ఆ కేసు మొత్తం ఇక్కడ రాస్తున్నాను. కంపెనీ అనుమతి తీసుకున్నాను. పేర్లు, ఊళ్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. డబ్బు అంకెలు కొంచెం మార్చాను కానీ లెక్కల తీరు అదే.

నేపథ్యం

హైదరాబాద్ శివార్లలో నలభై మంది పనిచేసే కంపెనీ. నీళ్లలో మిగిలి ఉన్న క్లోరిన్ ఎంతో ఎప్పటికప్పుడు కొలిచి, ఫోనుకు పంపే పరికరం తయారుచేస్తారు. ఆసుపత్రులకు, పెద్ద అపార్ట్‌మెంట్లకు, మందుల ఫ్యాక్టరీలకు బాగానే అమ్మారు. అసలు అవసరం మాత్రం మునిసిపాలిటీలది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. వైరస్‌ల నుంచి రక్షణ కావాలంటే 0.5 ఉండాలి. చాలా పట్టణాల్లో ఇప్పటికీ దీన్ని క్లోరోస్కోప్‌తో చూస్తారు. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, నాలుగైదు చుక్కల మందు వేసి, పసుపు రంగు ఎంత చిక్కగా వచ్చిందో కంటితో పోల్చుకోవడమే.

యజమాని ఇంజినీరు. సరుకు మీద నమ్మకం ఉన్న మనిషి. ఒక పట్టణంలో మూడు ట్యాంకుల మీద సొంత ఖర్చుతో పైలట్‌గా, అంటే ప్రయోగాత్మకంగా, పెట్టారు. ఏడాదిగా పనిచేస్తోంది. అయినా 14 నెలల్లో ఒక్క మునిసిపాలిటీ కూడా కొనలేదు.

నా దగ్గరకు వచ్చిన సమస్య

2023 ఆగస్టులో ఆయన నన్ను కలిసినప్పుడు చెప్పింది ఒకటే: "మా గురించి ఎవరికీ తెలియడం లేదు." అప్పటికే ఒక డిజిటల్ ఏజెన్సీతో ఏడాది పనిచేశారు. నెలనెలా నివేదికలు వచ్చేవి. ఎంతమంది చూశారు, ఎంతమంది క్లిక్ చేశారు, ఎన్ని లీడ్లు (వివరాలు అడిగినవాళ్లు) అని. ఆ లీడ్ల జాబితా తీసి చదివాను. డీలర్‌షిప్ అడిగినవాళ్లు, ప్రాజెక్టు పని చేసుకుంటున్న విద్యార్థులు, ఇంట్లో ఆర్‌ఓ బాగుచేయించాలనుకున్నవాళ్లు. మునిసిపల్ ఇంజినీర్లు నలుగురే. ఆ నలుగురికీ కంపెనీ ఫోన్ చేసింది. నలుగురూ "బాగుంది, చూద్దాం" అన్నారు.

నేను ఆగాల్సింది అక్కడే. తెలిసినవాళ్లు నలుగురున్నారు, వాళ్లకు నచ్చింది కూడా, మరి ఎందుకు కొనలేదు? ఈ ప్రశ్న అప్పుడు నేను అడగలేదు. "తెలియకపోవడమే సమస్య" అన్న ఆయన మాటను అలాగే తీసుకున్నాను.

మొదటి నిర్ణయం: లైజనింగ్ వద్దు

నేను చేరిన నెలలోనే, అధికారుల దగ్గర పని జరిగేలా చూస్తానంటూ (దీన్నే లైజనింగ్ అంటారు) ఒకాయన వచ్చారు. కార్డు మీద "గవర్నమెంట్ మార్కెటింగ్ అండ్ పీఆర్" అని ఉంది. నెలకు లక్షన్నర, ఆర్డరు వస్తే విలువలో 3 శాతం. ఏం చేస్తారని అడిగితే "అన్ని చోట్లా మనవాళ్లున్నారు" అన్నారు తప్ప పని ఏమిటో చెప్పలేదు. యజమాని ఊగిసలాడారు. "అందరూ ఇలాగే చేస్తారు సార్, మనం ఒక్కళ్లమే వద్దనుకుంటే ఎలా?"

ఆయనకు నీతి చెప్పలేదు. చట్టం చూపించాను. అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. ఇప్పటి సెక్షన్ 9 ప్రకారం, కంపెనీ తరఫున పనిచేసే ఎవరైనా, ఏజెంటైనా, కంపెనీకి పని రావడం కోసం అధికారికి లంచం ఇస్తే కంపెనీ కూడా నేరస్థురాలే. ఇలాంటివి జరగకుండా తగిన ఏర్పాట్లు ముందే చేశామని చూపించడమే కంపెనీకి ఉన్న రక్షణ. డైరెక్టరుకు తెలిసి, ఒప్పుకుని జరిగిందని తేలితే సెక్షన్ 10 కింద ఆయనకు మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. 3 శాతం కమీషన్ ఎక్కడ ఖర్చవుతుందో మనకు తెలియదు, తెలుసుకోవాలని మనం అడగడమూ లేదు. అలాంటప్పుడు "తగిన ఏర్పాట్లు చేశాం" అని ఏ కాగితం చూపిస్తాం? ఆయన రాత్రంతా ఆలోచించి, మర్నాడు వద్దని చెప్పేశారు. ఈ కేసులో నేను మొదటిసారే సరిగ్గా చేసిన పని ఇదొక్కటే.

రెండో నిర్ణయం: నా తప్పు

లైజనింగ్ వద్దన్నాక ఒక ప్రత్యామ్నాయం చూపించాలి. ప్రభుత్వ శాఖల ప్రచార కార్యక్రమాలు చాలా చేసిన ఒక పెద్ద ఏజెన్సీని సూచించాను. నా లెక్క ఇది: వీళ్లకు ప్రభుత్వం తెలుసు, బిల్లులన్నీ శుభ్రంగా ఉంటాయి, పని నాణ్యంగా ఉంటుంది. మూడూ నిజమే. నేను గమనించనిది ఒకటుంది. వాళ్లకు తెలిసింది ప్రభుత్వం తరఫున జనంతో మాట్లాడటం. మాకు కావలసింది ఒక కంపెనీ తరఫున ప్రభుత్వంతో మాట్లాడటం. "గవర్నమెంట్ ఎక్స్‌పీరియన్స్" అనే ఒకే మాట కింద ఈ రెండూ కలిసిపోయాయి. విడదీసి చూడాల్సింది నేను.

పిచ్‌కు, అంటే పని తమకివ్వమని చెప్పుకోవడానికి, వచ్చింది ముగ్గురు సీనియర్లు. పని మొదలయ్యాక మాకు కనిపించింది కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన ఇద్దరు పిల్లలు. మంచి పిల్లలే, కష్టపడ్డారు. కానీ "ఎస్టిమేట్ ఎవరు వేస్తారు?" అంటే "కమిషనర్" అన్నారు. ఖర్చు అంచనా (ఎస్టిమేట్) వేసేది ఇంజినీరు.

2023 అక్టోబరులో ఒప్పందం. నెలకు లక్షా పాతిక వేలు, ఫిల్ముకు వేరే. అదే నెల 9న తెలంగాణ శాసనసభ ఎన్నికల షెడ్యూలు వచ్చింది, కోడ్ మొదలైంది. డిసెంబరు 3న లెక్కింపు అయ్యేదాకా కొత్త పనుల ఊసే లేదు. ఈలోగా ఫిల్ము, బ్రోచరు తయారయ్యాయి. ఫిబ్రవరిలో రెండు రాష్ట్రాల్లోనూ ప్రచారం మొదలుపెట్టాం. మార్చి 16న లోక్‌సభ, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల షెడ్యూలు వచ్చింది. మళ్లీ జూన్ దాకా అంతా ఆగిపోయింది. లోక్‌సభ గడువు, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ గడువు ఎప్పుడు ముగుస్తాయో అందరికీ తెలుసు. అయినా ప్రచారం క్యాలెండరులో ఏజెన్సీ దాన్ని గుర్తు పెట్టుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. ఒప్పందంలో అలాంటి విరామానికి ఏర్పాటు లేదు కాబట్టి నెలనెలా బిల్లు మాత్రం వచ్చింది.

ఫిల్ము చూడముచ్చటగా ఉంది. కుళాయి కింద దోసిలి పట్టిన పాప, వెనక సంగీతం. ఒక డిప్యూటీ ఇంజినీరుకు చూపిస్తే మర్యాదగా చివరిదాకా చూశారు. "బాగా తీశారండీ. రేటు ఎంత, ఎస్‌ఎస్‌ఆర్‌లో ఉందా?" అని అడిగారు. ఎస్‌ఎస్‌ఆర్ అంటే ప్రభుత్వ పనులకు వాడే ప్రామాణిక రేట్ల జాబితా. ఆ గదిలో ఉన్న మా ఐదుగురిలో ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఆ రోజే నాకు అర్థమైంది, తొమ్మిది నెలలుగా మేం రాసిందంతా ఆయనను ఒప్పించడానికే రాశామని. ఆయన ఎప్పుడో ఒప్పుకున్నారు. ఆయన తన పైవాళ్లను, రేపటి ఆడిట్‌ను ఒప్పించాలి. అందుకు మేం ఆయన చేతికి ఏమీ ఇవ్వలేదు.

జూన్ చివర ఒప్పందం ముగించాం.

మూడోసారి: పిచ్ కాదు, పని

ఈసారి నేను ఏజెన్సీల పాత పనులు చూడలేదు. ముగ్గురిని పిలిచి, ఒక్కొక్కరికి 60 వేలు ఇచ్చి ఒకే పని అప్పగించాం: రెండు వారాల్లో ఒక చిన్న పట్టణానికి వెళ్లండి, ఈ పరికరం కొనాలంటే ఫైలు ఏ బల్ల దగ్గర, ఎందుకు ఆగుతుందో కనుక్కుని రండి. ఒక్కటే షరతు. రేపు మా పని ఎవరు చేస్తారో వాళ్లే వెళ్లాలి.

"పిచ్ అందరూ ఫ్రీగానే ఇస్తారు కదా సార్, మనం లక్షా ఎనభై వేలు ఎందుకు పెట్టాలి?" అని యజమాని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఉచితంగా ఇచ్చే పిచ్‌లో మనకు ఏం నచ్చుతుందో అదే ఉంటుంది. డబ్బు తీసుకుని చేసిన పనిలో వాళ్లకు ఏం చేతనవునో అది తెలుస్తుంది. పైగా పోయిన 16 లక్షల పక్కన ఇది చిన్న మొత్తం.

మొదటివాళ్లు నలభై స్లైడ్లు తెచ్చారు. పట్టణానికి వెళ్లినట్టు ఒక్క ఆనవాలు లేదు. రెండోవాళ్లు ఒక ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారిని కెమెరా ముందు కూర్చోబెట్టి, పరికరం గొప్పదని చెప్పించి తెచ్చారు. వీడియో చాలా బాగుంది, యజమానికి తెగ నచ్చింది. నేను వద్దన్నాను. ప్రభుత్వ ఉద్యోగి అనుమతి లేకుండా ఒక కంపెనీ సరుకును పొగుడుతూ వీడియోలో కనిపిస్తే ప్రవర్తనా నియమాల కింద ఆయనకు మెమో రావచ్చు. మన మీద నమ్మకంతో మాట్లాడిన మనిషిని ఇబ్బందిలో పెట్టే ఏజెన్సీ, రేపు మనల్నీ పెడుతుంది. ఆ వీడియో చెరిపేయించాం.

మూడోది నలుగురే ఉన్న చిన్న సంస్థ. నడిపే ఆవిడ ఒకప్పుడు పత్రికలో జిల్లా డెస్కులో పనిచేశారు. తొమ్మిది పేజీలు తెచ్చారు, బొమ్మల్లేవు. మొదటి పేజీలో తెల్లవారుజామున అయిదున్నరకు ట్యాంకు దగ్గర చూసింది రాశారు. ఫిట్టరు గొట్టంలో నీళ్లు పట్టి, చుక్కలు వేసి, వీధి దీపం కింద పైకెత్తి చూశాడు. రంగు వచ్చింది. రిజిస్టరులో 0.5 అని రాశాడు. ఆవిడ వెనక పేజీలు తిప్పి చూస్తే నెలంతా 0.5 ఉంది.

ఇంకొకరైతే దీన్ని పట్టుకుని "చేతితో చేసే పరీక్షలను నమ్మలేం" అని పెద్ద అక్షరాల్లో వేసేవారు. దాని కింద ఆవిడ రాసిన వాక్యం ఇది: "ఫిట్టరుకు ఈ యంత్రం తన మీద పెట్టిన కాపలాగా కనిపిస్తుంది. అతను వద్దంటే ఏఈ ముందుకు వెళ్లరు." మా ఇంజినీర్లలో ఒక్కరికీ తట్టని మాట. పైలట్ పట్టణంలో ఒక పరికరం వైరు రెండుసార్లు ఎందుకు ఊడిపోయిందో మాకు అప్పుడు అర్థమైంది.

అదే రోజు ఆఫీసులో ఏఈ గారు మా పాత బ్రోచరు చేతిలోకి తీసుకుని ఆవిడతో అన్న మాట నివేదికలో ఉన్నదున్నట్టు ఉంది: "మేడమ్, బ్రోచరు బాగుంది. దీన్ని నేను ఫైల్లో ఎక్కడ పెట్టాలి?"

ఆవిడ ఆ ప్రశ్నతోనే బల్ల బల్లకూ తిరిగారు. ఏఈ అడిగేది: ఐటమ్ ఎస్‌ఎస్‌ఆర్‌లో లేదు, రేటుకు ఆధారం ఏమిటి? డిప్యూటీ ఇంజినీరు: పాడైతే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు, ఆ ఖర్చు ఎవరిది? కమిషనర్: ఇంకెక్కడ పెట్టారు, పనిచేస్తోందని ఎవరైనా రాసిచ్చారా? అకౌంట్స్ విభాగం: ఏ పద్దు కింద పెట్టాలి? దీనికి ఆవిడే జవాబు వెతికి పెట్టారు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం పనులకే ఖర్చుపెట్టాలని ఉండేది. కౌన్సిల్ సభ్యులు అడిగేది: మా వార్డులో జనానికి ఏం కనిపిస్తుంది? ఇక మూడేళ్ల తర్వాత ఆడిట్ అడిగేది: ఈ ఒక్క కంపెనీ దగ్గరే ఎందుకు కొన్నారు?

వాళ్లను ఎంచుకోవడానికి మాకు పది నిమిషాలు పట్టింది.

ఒప్పందంలో ఏం రాశాం

ఫీజు నెలకు లక్ష, స్థిరం. ఆర్డరు మీద కమీషన్ లేదు. ఆవిడ కూడా అది అడగలేదు. ఫీజును ఆర్డర్లకు ముడిపెట్టలేదు, ఎందుకంటే ఆర్డరు వాళ్ల చేతిలో లేదు. చేతిలో లేనిదానికి డబ్బు కడతామంటే, దాన్ని చేతిలోకి తెచ్చుకునే దారులు వెతకమని మనమే చెప్పినట్టవుతుంది. ముడిపెట్టింది కాగితాలకు, అవి ఉపయోగపడ్డాయా లేదా అన్నదానికి. ఏ అధికారిని ఏ రోజు కలిశారు, ఏం ఇచ్చారు అన్నది ఒక రిజిస్టరులో రాసి నెలాఖరుకు ప్రతి మాకివ్వాలి. బహుమతులు లేవు, దీపావళి స్వీటు డబ్బా కూడా వద్దు. ఎన్నికల కోడ్ ఉన్నన్నాళ్లు ఫీజు 30 శాతమే. పనిచేసేవాళ్ల పేర్లు ఒప్పందంలోనే ఉన్నాయి. మారాలంటే మా అనుమతి కావాలి.

పని ఎలా సాగింది

2024 సెప్టెంబరులో మొదలైంది. మూడు నెలలు ప్రచారం ఏమీ లేదు, రాయడమే. ఒక్కో బల్లకు ఒక్కో కాగితం. ఏఈకి రేటు విశ్లేషణ: సెన్సారు ఎంత, బిగించే పని ఎంత, సిమ్ ఖర్చు ఎంత, జీఎస్టీ ఎంత, పక్కన పాత అమ్మకాల ఇన్‌వాయిసులు. తన లాభం శాతం బయటపడుతుందని యజమానికి టెన్షన్. కానీ రేటు ఎలా వచ్చిందో చూపించలేని ఐటమ్‌ను ఏ ఇంజినీరూ ఎస్టిమేట్‌లో పెట్టలేరు. రెండు వారాల తర్జనభర్జన తర్వాత ఒప్పుకున్నారు. పైలట్ పట్టణం కమిషనర్‌కు లేఖ రాసి, పరికరం ఎన్ని రోజులు పనిచేసింది, ఎన్ని రోజులు ఆగింది అని రెండూ ఉన్న ధ్రువపత్రం అడిగాం. ఆగిన 11 రోజులు కూడా అందులో ఉన్నాయి. అవి ఉండటం వల్లే ఆ పత్రాన్ని మిగతావాళ్లు నమ్మారని నా అభిప్రాయం.

ఫిట్టర్ల కోసం తెలుగులో రెండు పేజీలు. అందులో మొదటి వాక్యం పరికరం గురించి కాదు: "నీళ్లు బాగాలేవని ఫిర్యాదు వస్తే, ట్యాంకు దగ్గర క్లోరిన్ సరిగానే ఉందని మీ ఫోన్లోనే చూపించవచ్చు." దీన్ని ఆవిడ పైలట్ పట్టణం ఫిట్టర్లకు చదివి వినిపించి, వాళ్లు నవ్విన చోటల్లా మార్చారు. ఆ తర్వాత వైరు ఊడలేదు.

మధ్యలో ఒక గట్టి పరీక్ష వచ్చింది. ఒక డిప్యూటీ ఇంజినీరు స్పెసిఫికేషన్ సాఫ్ట్ కాపీ అడిగారు. సెన్సారు కొలతలు మిల్లీమీటర్లలో రాసి పంపిస్తే ఇంకెవరూ పోటీకి రాలేరని కంపెనీ సేల్స్ మేనేజరు అన్నారు. ఏజెన్సీ ఆవిడ నాకు ఫోన్ చేశారు. ముగ్గురం కూర్చున్నాం. ఒకే కంపెనీకి సరిపోయేలా రాసిన టెండరు మీద పోటీదారు ఫిర్యాదు చేస్తే రద్దవుతుంది, నమ్మి సంతకం పెట్టిన ఇంజినీరు సంజాయిషీ ఇచ్చుకోవాలి. చివరికి పనితీరు మాత్రమే రాశాం: ఏ స్థాయి నుంచి ఏ స్థాయి వరకు కొలవాలి, తేడా ఎంత ఉండవచ్చు, ఎన్నాళ్లకు కాలిబ్రేషన్ (కొలత సరిచూడటం), వారంటీ ఎంత. మాకు తెలిసి ఇంకో రెండు కంపెనీలు దానికి సరిపోతాయి.

ఆ రెండిట్లో ఒకటే మొదటి టెండరు గెలిచింది, మాకన్నా 6 శాతం తక్కువకు. ఆ సాయంత్రం యజమాని ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మనం దారి వేశాం, వాళ్లు నడిచారు" అన్నారు. నా దగ్గర ఓదార్పు మాట లేదు. మరుసటి వారం బిడ్లు పక్కపక్కన పెట్టి చూస్తే, వాళ్ల రేటులో రెండో ఏడాది నుంచి నిర్వహణ ఖర్చు లేదని కనిపించింది. డిప్యూటీ ఇంజినీరు మొదట అడిగిన ప్రశ్న అదే. మూడేళ్ల నిర్వహణ ఖర్చుతో కలిపి పోల్చి చూసుకునే పట్టికను ఆవిడ మిగతా పట్టణాలకు ఇచ్చారు. వాడాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. రెండో టెండరులో నిర్వహణను కలిపి అడిగారు, అది మాకు వచ్చింది. 38 లక్షల పని.

ఇప్పుడు నేను మార్చుకున్నది

ఏజెన్సీ అడిగిన ప్రతి క్లయింటుతో ముందు ఒక పని చేయిస్తున్నాను. మీ సరుకు నచ్చి కూడా కొనని ఒక అధికారి దగ్గరకు వెళ్లి, "మీ ఫైల్లో ఏ కాగితం తక్కువైంది?" అని అడిగి రండి. సగం మందికి ఆ జవాబు విన్నాక ఏజెన్సీ అక్కర్లేదని తెలుస్తోంది. ఒక మంచి టెక్నికల్ రైటరు, ఒక టెస్ట్ రిపోర్టు చాలు. మిగతావాళ్లకు అదే ప్రశ్నను డబ్బులిచ్చి ఏజెన్సీలతో అడిగిస్తున్నాను. ఒక ఏజెన్సీ ప్రభుత్వ అనుభవం ఉందంటే, అది ఎవరి తరఫున, ఎవరితో మాట్లాడిన అనుభవమో కాగితం మీద రాసివ్వమంటున్నాను. 2023లో ఆ ఒక్క వాక్యం రాయించి ఉంటే రెండో ఏజెన్సీ దగ్గరకే వెళ్లేవాళ్లం కాదు.

ఇది రాసే నాటికి 14 నెలల్లో ఐదు పట్టణాలు ఎస్టిమేట్లు వేశాయి, మూడు టెండర్లు పిలిచాయి. ఒకటి పోయింది, ఒకటి వచ్చింది. మూడోదానికి ఒకే బిడ్ రావడంతో రద్దు చేసి మళ్లీ పిలిచారు. గెలిచిన పనికి మొదటి బిల్లు ఇంకా రాలేదు. చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. ఇవాళ్టికి 92 రోజులైంది. బిల్లు ఏ బల్ల దగ్గర ఆగిందో, అక్కడ ఏ కాగితం తక్కువైందో కనుక్కోవడానికి ఆవిడ సోమవారం ఆ ఊరు వెళ్తున్నారు.